సముద్రాలు దాటించిన ఉపకారవేతనాలు

1953 అక్టోబరు 1న మైసూరు రాష్ట్రంలో విలీనమయ్యే వరకు బళ్లారి మద్రాసు పాలనలోని జిల్లా. ఇక్కడి తెలుగు, కన్నడ విద్యార్థులు వైద్యం చదవాలంటే మద్రాసుకే ప్రయాణం కట్టవలసి వచ్చేది. 1903లో పశువైద్య కళాశాల వెలసినదీ అక్కడే. 1923లో విశాఖపట్నంలో వైద్య కళాశాల ఏర్పడినా, బళ్లారివారికి మద్రాసే చేరువ. అంతకుమించిన శిక్షణకు సముద్రం దాటడమొక్కటే మార్గం. ఆ ఖర్చు భరించేదెవరు?

1913లో నెలకొన్న రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ కొంకిపురుగు, మలేరియాల నివారణకు పూనుకొని, వివిధ దేశాల యువవైద్యులకు ప్రజారోగ్య శిక్షణకై ఫెలోషిప్‌లు ప్రసాదించింది. ఉదారమైన ఏర్పాటే. అయితే అవి ప్రధానంగా ఆయా ప్రభుత్వాల సిఫారసుపై, తిరిగివచ్చి ప్రభుత్వ కొలువులో పనిచేయగలవారికి లభించేవి. కొలువు లేనివానికి సిఫారసు చేసేవారెవరు?

అటువంటివారిలో ఒకరు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో జన్మించిన ఆయన మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పి, మూడవసారి గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో గాంధీజీ పిలుపునందుకొని ఖద్దరు ధరించారు. శస్త్రచికిత్సాచార్యునికి అది రుచించలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రం మాత్రమే దక్కింది. మద్రాసు వైద్యసేవలో ప్రవేశానికి చేసిన యత్నమూ విఫలమైంది. డాక్టర్ లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకులుగా ఉన్న కాలంలో, కొంకిపురుగు నివారణకై వచ్చిన ఒక అమెరికన్ వైద్యుని పరిచయం ఆయన దృష్టిని అమెరికా వైపు మళ్లించింది.

ఆయనను పంపినది ఏ ప్రభుత్వమూ కాదు. రంగూను వర్తకంలో ధనమార్జించిన మల్లాడి సత్యలింగ నాయకర్ పేరిట కాకినాడలో వెలసిన ధర్మసంస్థ సాయం చేస్తామని మాట ఇచ్చింది; మామగారు మరికొంత ధనం సమకూర్చారు. బర్మా రేవులలో తెలుగువాడు గడించిన సొమ్ము మరొక తెలుగువానిని హార్వర్డుకు చేర్చిందన్నమాట! విదేశీ ఫెలోషిప్‌ల చరిత్ర రాసేవారు ఇటువంటి ధర్మనిధులను అంతగా పట్టించుకోకపోవడం న్యాయం కాదు.

1920ల తొలి సంవత్సరాలలో బోస్టన్ చేరిన సుబ్బారావు హార్వర్డు ఉష్ణమండల వైద్యపాఠశాలలో చేరారు. అక్కడా ఎల్.ఎం.ఎస్. అడ్డుపడింది. ఆ పత్రంతో వైద్యునిగా పని దొరకక, ఒక ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరిచే పనికి కుదిరి, ఆ కూలితో చదువు కొనసాగించారు. డిప్లొమా పొందాక జీవరసాయన శాస్త్రంలో ప్రవేశించి, 1925లో ఫిస్క్‌తో కలిసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. 1930లో పిహెచ్.డి. పట్టం లభించింది.

1940లో లెడర్లీ సంస్థలో చేరిన తరువాత ఆయన నాయకత్వంలో వెలువడిన ఔషధాలు లోకప్రసిద్ధాలు. అన్న పురుషోత్తం స్ప్రూ వ్యాధితో మరణించిన దుఃఖం ఆయనను వీడలేదు; ఆ వ్యాధికి మందైన ఫోలిక్ ఆమ్లం 1945లో ఆయన బృందం చేతనే కృత్రిమంగా తయారైంది. అన్న బ్రతికి లేడు. 1948లో వెలువడిన ఆరియోమైసిన్ మనుషులకే గాక పశువులకూ ఔషధమైంది. అదే సంవత్సరం ఆగస్టులో, 53వ ఏట, స్వదేశం తిరిగి చూడకుండానే సుబ్బారావు కన్నుమూశారు.

ఆ తరువాతి కాలంలో ప్రయాణపు దిశ కొంత మారింది. 1968లో అమెరికాలో నెలకొన్న ఫోగర్టీ కేంద్రం 2000ల నుండి తమ వైద్య, దంతవైద్య, పశువైద్య విద్యార్థులను భారతదేశం వంటి దేశాల పరిశోధన కేంద్రాలకు పంపసాగింది. తొలి ఏర్పాటులో అలా వచ్చిన ప్రతి విద్యార్థికీ స్థానిక శిక్షణార్థి ఒకరు జోడీ. ప్లేగు మొదలు రేబీస్ వరకు మనిషినీ పశువునూ విడదీసి చూడలేమన్న ఎరుకతో పశువైద్యులకూ అందులో చోటు దొరికింది.

బళ్లారిలో 1961లో వైద్య కళాశాల ఏర్పడింది. మద్రాసు ప్రయాణం తప్పింది. పొరుగున ఉన్న రాయచూరు, కలబురగి జిల్లాలలో 2004 నుండి ఆరోగ్య కార్యకర్తలు బోదకాలు నివారణకై ఇంటింటికీ పంచిన డి.ఇ.సి. మాత్ర, 1947లో సుబ్బారావు బృందం లోకానికందించిన హెట్రజానే.