నిఖత్ జరీన్: గెలుపోటముల మూల్యాంకనం

ఒక క్రీడాకారిణి సాధించినదాన్ని అంచనా కట్టటం సాహిత్య విమర్శ పత్రికకు సంబంధించిన పనేనా అని కొందరు మిత్రులు అడగవచ్చు. సంబంధించిన పనేనని నా అభిప్రాయం. అకాడమీ బహుమతి వచ్చిందా రాలేదా అన్న ఒక్క ప్రశ్నతో కవిత్వాన్ని తూచేవారిని మనం విమర్శకులుగా గుర్తించం. అదే తూకంతో నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్‌ను తూచి, ఒలింపిక్ పతకం లేదు గనుక గొప్ప బాక్సర్ కాదని తేల్చేవారున్నారు. ముస్లిం కుటుంబంలో పుట్టిన ఆడపిల్ల గనుక ఆమె చేసిందంతా విప్లవమేనని పొగిడి, ఆటను చూడటం మానేసినవారూ వున్నారు. ఈ రెండో రకంవారు మన మధ్యే ఎక్కువ. రెండు ధోరణులూ చరిత్రను పక్కన పెట్టినవే.

ముందు ఆమె సాధించినదేమిటో చూద్దాం. 1996లో పుట్టిన నిఖత్ 2011లో, పద్నాలుగేళ్లకే, టర్కీలోని అంతాల్యాలో జూనియర్ ప్రపంచ విజేత అయింది. 2017లో భుజం గాయం ఆమెను రింగుకు దూరం చేసింది. తిరిగివచ్చి, 2022 మేలో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో థాయ్‌లాండ్ బాక్సర్ జుతామాస్ జిత్‌పాంగ్‌ను 5-0తో ఓడించి ప్రపంచ విజేత అయింది. భారతదేశం నుంచి ఆ స్థాయికి చేరిన అయిదో మహిళ ఆమె. అదే ఏడాది బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో 50 కిలోల విభాగంలో స్వర్ణం, 2023లో ఢిల్లీలో అదే విభాగంలో రెండో ప్రపంచ టైటిల్ గెలిచింది. అప్పటికి మన దేశంలో ఒకటికి మించి ప్రపంచ టైటిళ్లు వున్న మహిళ మేరీ కోమ్ ఒక్కతే.

ఇక వివాదాల సంగతి. మొదటిది 2019 నాటిది. ఒలింపిక్ అర్హత పోటీలకు సెలక్షన్ బౌట్ లేకుండానే మేరీ కోమ్‌ను పంపే ఆలోచన సాగుతుండగా, తనకూ అవకాశం యివ్వాలని నిఖత్ కేంద్ర క్రీడామంత్రికి బహిరంగంగా లేఖ రాసింది. పెద్దలను ధిక్కరించిందన్నారు. డిసెంబర్‌లో పోటీ పెట్టారు. మేరీ కోమ్ 9-1తో గెలిచింది, ఓడిన అమ్మాయితో చెయ్యి కలపలేదు. ఇక్కడ రెండు విషయాలను కలగలపకూడదు. పోటీ అడగటం హక్కు, పోటీలో గెలవటం శక్తి. ఆనాటికి హక్కు నిఖత్ పక్షాన వుంది, శక్తి మేరీ పక్షాన వుంది. 9-1 అన్నది అన్యాయం కాదు, ఆనాటి వాస్తవం. ఆ ఓటమి అడిగిన హక్కును తప్పు చెయ్యదు. ఆ హక్కు న్యాయమైనదైనంత మాత్రాన ఓటమి చిన్నదీ కాదు.

అసలు వారిద్దరూ ఒకే రింగులోకి ఎందుకు రావలసివచ్చింది? వ్యక్తుల స్వభావాల్లో కారణం వెతికే విమర్శకు యిది కనిపించదు. మగవారి బాక్సింగ్ 1904లోనే ఒలింపిక్స్‌లో వుంది. ఆడవారికి ఆ తలుపు తెరుచుకున్నది 2012 లండన్‌లో. అదీ మూడు బరువు విభాగాలకే: 51, 60, 75 కిలోలు. మేరీ కోమ్ ఆరు ప్రపంచ టైటిళ్లూ 48 కిలోలు, అంతకు లోపు విభాగాల్లో వచ్చినవి. ఒలింపిక్స్‌లో ఆమె బరువుకు చోటే లేదు. అందుకే 51కి ఎక్కింది, లండన్‌లో కాంస్యం తెచ్చింది. ఆ 51 నిఖత్ పోరాడే బరువు. చోటు యిరుకు చేసినది వ్యవస్థ. తోసుకున్నారన్న నింద యిద్దరు ఆడవాళ్లది. మేరీది అహంకారమనీ నిఖత్‌ది దురాశ అనీ రాసినవారు ఈ మూడు అంకెలను చూడలేదు.

రెండో వివాదం పారిస్. 2024లో 52 కిలోల విభాగం ఒలింపిక్స్‌లో లేదు, 50లో దిగాలి. సీడింగ్ కూడా దక్కని నిఖత్ మొదటి బౌట్ గెలిచి, రెండో బౌట్‌లోనే చైనాకు చెందిన వూ యూ చేతిలో 0-5తో ఓడింది. బరువు కోసం రెండు రోజులు తిండీ నీళ్లూ మానవలసివచ్చిందనీ, తేరుకునే వ్యవధి దొరకలేదనీ ఆమె చెప్పింది. నమ్ముతాను. అయినా అది కారణమే గాని సమర్థన కాదు. వూ యూ కూడా 2023లో 52 కిలోల ప్రపంచ విజేతే; ఆమె కూడా బరువు దించుకునే వచ్చింది, ఆ స్వర్ణం ఆమే గెలిచింది. యిద్దరికీ తక్కెడ ఒకటే. ఆ రోజు నిఖత్ తనకంటే మెరుగైన బాక్సర్ చేతిలో ఓడింది. ఆమె అభిమానులు యీ మాట ఒప్పుకుంటే ఇస్తాంబుల్ విలువ తగ్గదు, పెరుగుతుంది.

మూడోది మన లోపం. నిక్కరు వేసుకునే ఆట ఆడపిల్లకెందుకన్న బంధువులూ, పెళ్లెలా అవుతుందని దిగులుపడ్డ తల్లీ, వెనక నిలబడ్డ తండ్రీ: మనకు కథ సిద్ధంగా దొరికింది. ఆ కథలో బాక్సర్ మాయమై ప్రతీక మిగిలింది. తాను ఒక మతానికి కాదు, దేశానికి ప్రాతినిధ్యం వహిస్తున్నానని ఆమే చెప్పవలసివచ్చింది. వరికుంటపాడు మెట్టలో పాఠాలు చెప్పే నాకు తెలిసిన సత్యం ఒకటుంది. ఏడో తరగతిలో మగపిల్లలను మించి పరుగెత్తిన పిల్ల తొమ్మిదిలో ఆటల పీరియడ్ వస్తే వేపచెట్టు నీడన కూర్చుంటుంది. ఆ పిల్లకు ప్రతీక అక్కరలేదు. భుజం విరిగాక ఎలా లేవాలో, 9-1 తర్వాత మర్నాడు ఏం చెయ్యాలో చెప్పే మనిషి కావాలి.

గెలిచినవారిని దేవతలను చేసి, ఓడినప్పుడు నేలకు విసరటం భూస్వామ్య సంస్కారం. దాని కిందనుంచి మన విమర్శ యింకా పూర్తిగా బయటపడలేదు. ఒక జీవితానికి వున్న పరిమితుల్లో స్థలకాలాలు విధించినవేవి, స్వయంకృతాలేవి అని విడదీసి చెప్పటం విమర్శకుని మొదటి పని. కవికైనా అంతే, బాక్సర్‌కైనా అంతే.