గ్రామ చరిత్రమునకు సాక్షు లెవరు?

పల్లెపట్టున నివసించు పెద్దలారా!

'పరిశోధన' మను మాట వినగానే అది పట్టణములందలి పండితుల పని యనియు, మనకు దానితో నిమిత్తము లేదనియు మనలో పెక్కుమందికి తోచును. నేనును చిరకాల మట్లే తలచితిని. ముప్పదియైదేండ్లు పిల్లలకు తెలుగును, చరిత్రమును బోధించితిని. పుస్తకములోని రాజుల పేర్లను, యుద్ధముల సంవత్సరములను వల్లె వేయించితిని. కాని మా యూరి చెరువు నెవరు త్రవ్వించిరి, దానికి తూము లెన్ని, అని ఒక్కనాడైనను ప్రశ్నింపనైతిని. మన దేశ చరిత్ర పరిశోధనము చాలవరకు పల్లెలలోనే, ఒకరు అడుగగా మరియొకరు చెప్పగా మొదలైనదని ఆలస్యముగ తెలిసికొంటిని. ఆ కథను, దానితోపాటు నేను చేసిన తప్పిదమును మీకు విన్నవింతును.

'కైఫియ'తను పదము అరబ్బీనుండి మనకు వచ్చినది. స్థితిగతులని దాని భావము. ఊరి కా పేరెట్లు వచ్చెను, ఏ రాజు లేలిరి, ఏ దేవళమున కెంత మాన్యము గలదు, చెరువు లెన్ని, వాని మరమ్మతునకై యిచ్చిన దశబంధ మాన్యము ఎవరిది అను విషయములను గ్రామస్థులు చెప్పగా వ్రాసికొన్న పత్రమే గ్రామ కైఫియతు. ఇట్టివానిని వేలకొలదిగ సేకరింపజేసినవాడు కాలిన్ మెకంజీ. ఆయన స్కాట్లండు దేశమున లూయిస్ ద్వీపమందలి స్టోర్నొవే పట్టణమువాడు. 1783లో చెన్నపట్టణమునకు వచ్చి కంపెనీవారి సైన్యమున ఇంజనీరుగ పనిచేసెను. 1799లో శ్రీరంగపట్టణము పడిపోయిన పిదప మైసూరు సీమను కొలుచు కార్యమున కధికారి యయ్యెను. 1815లో భారతదేశమునకు మొదటి సర్వేయరు జనరలయ్యెను. గొలుసుతో నేలను కొలువవచ్చును గాని, ఆ నేలమీద బ్రదికినవారి కథను కొలువరాదు గదా! దానిని అడిగి తెలిసికొనవలెనని ఆయన తలంపు. అయితే ఆయనకు మన భాషలు రావు.

ఆ కొఱత దీర్చినవారు ఏలూరివారైన కావలి సోదరులు. వారిలో వేంకట బొఱ్ఱయ్య మొదట మెకంజీ కొలువున చేరెను. ఈయన ప్రాచీన లిపులను కష్టపడి నేర్చి, రాళ్లమీది వ్రాతలను ఉన్నవి యున్నట్లు ఎత్తి వ్రాయు పద్ధతిని సాధించెను. ఈయన గుణమును తెలుపు విషయ మొకటి గలదు. బ్రాహ్మణుడయ్యును ఈయన జైనుల మతమును గూర్చి తెలిసికొనగోరినపుడు తన శాస్త్రములను బట్టి వ్రాయలేదు. ముడిగేరి యను చోట జైన గురువునే ఆశ్రయించి, ఆయన చెప్పిన మాటలనే ఇంగ్లీషులోనికి తెచ్చెను. అది ఆసియా పరిశోధన సంపుటములలో తొమ్మిదవదానియందు ఈయన పేరుతోనే అచ్చుపడినది. ఎవరి సంగతిని వారినే అడుగుట పరిశోధకునికి ప్రథమ ధర్మమని బొఱ్ఱయ్య చేసి చూపెను. ముప్పది యేండ్లైనను నిండకయే 1803లో ఆయన కాలధర్మము నొందెను. మన దేశపు విద్యాద్వారమున తాను అడుగిడుటకు బొఱ్ఱయ్యయే కారణమని మెకంజీ తన యుత్తరమున కృతజ్ఞతతో వ్రాసికొనెను.

బొఱ్ఱయ్య తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని కొనసాగించెను. గుమాస్తాలు దత్తమండలములందును, ఇతర సీమలందును ఊరూర తిరిగిరి; కరణముల యిండ్లలోని దండకవిలెలను చూచిరి; అర్చకులను, పెద్దలను అడిగిరి; వ్రాసి పంపిరి. 1821లో మెకంజీ మరణించునాటికి కూడిన సామగ్రిలో లిఖిత గ్రంథములు 1568, శాసనముల ప్రతులు 8076, నాణెములు 6218 ఉండెనని తరువాత విల్సను పండితుడు 1828లో ప్రకటించిన పట్టికవలన తెలియుచున్నది.

ఈ శ్రమవలన నేమి ఫలమందురా? ఒక్క అమరావతిని తలచుకొనుడు. మెకంజీ 1797లో అచ్చటి దిబ్బను మొదట చూచెను. 1816లో మరల వచ్చునప్పటికి దాని నడుమ గుంట త్రవ్వబడి యుండెను. చెక్కడపు రాళ్లు పెక్కులు కట్టడములకు తరలిపోయి యుండెను. మిగిలినవానికి ఆయన చిత్రకారులచే బొమ్మలు వ్రాయించెను. అందు కొన్ని రాళ్లు తరువాత కనబడకుండ పోయినవి. రాయి పోయినను బొమ్మ నిలిచినది. ఆ బొమ్మయే నేడు సాక్ష్యము.

మెకంజీ గతించిన వెనుక ఈ పనిని తానే నడపెదనని లక్ష్మయ్య కోరెను. పండితసభవారు విచారించిరి. సహాయకులుగ నుండుటకు తగుదురు గాని, విమర్శించి నిర్ణయించు పనికి ఈ దేశీయు డెవ్వడును చాలడని ప్రిన్సెపు అభిప్రాయ మిచ్చెను. ఆ సామగ్రి టేలరు అను మతాచార్యునికి అప్పగింపబడెను. ఏండ్ల తరబడి ఎండలో వానలో తిరిగి కూర్చినవానికి దక్కిన తీర్పిది.

ఈ మాట చదివినపుడు నాకును మనసు చివుక్కుమన్నది. కాని దానికి తగిన జవాబు కోపము గాదు, పని. మనవారు ఆ జవాబు నిచ్చిరి. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి చరిత్రను తెనుగున చదువుకొను మార్గము చూపిరి. 1923లో వారు గతింపగా, హైదరాబాదులోని మిత్రులు వారి పేరిటనే పరిశోధక మండలిని నడపి, 1935లో తెలంగాణా శాసనముల సంపుటమును వెలువరించిరి. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రను ప్రకటించిరి. రాజుల వరుసలను విడిచి, ప్రజలేమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాట లాడిరి అని వారు కావ్యములనుండి యేరి చూపిరి. కావ్యములను అలంకారములకై చదివిన నావంటి వారికి అది కనువిప్పు.

ఇక, అడిగి వ్రాసికొన్నంతమాత్రమున చరిత్ర యగునా? కాదు. మా కడప సీమలోని కైఫియతులు కొన్ని ఊరి పుట్టుకను జనమేజయునితో ముడిపెట్టును. మరికొన్ని ముక్కంటి త్రిలోచన పల్లవుడు అడవి కొట్టించి అగ్రహార మిచ్చెనని చెప్పును. త్రిలోచనుని పేరు తరువాతి కాలపు శాసనములలో పూర్వుల కథగ కనబడును. కనుక ఆ మాటను నిజమని మ్రింగరాదు, అబద్ధమని ఉమియరాదు. రాజెవరైనను, ఒకనా డచట అడవి యుండెననియు, దానిని కొట్టి పొలము చేసినవా రుండిరనియు ఆ కథ చెప్పుచున్నది. శాసనమైనచో శక వర్షమును చెప్పును. దానికి 78 కలిపిన క్రీస్తు శకము వచ్చును. నోటిమాటలో క్రోధి యని మాత్రమే యుండును. క్రోధి 1904లో వచ్చినది, 1964లో వచ్చినది, 2024లోను వచ్చినది. తాతగారు చెప్పిన క్రోధి యేదో తేల్చుటకు మరియొక సాక్ష్యము కావలెను. రచ్చబండ కడ తగవు తీర్చు మీకు ఈ న్యాయము క్రొత్తది కాదు. ఒక్క సాక్షి మాటతో తీర్పు చెప్పుదురా?

ఇప్పుడు నా తప్పిదమును చెప్పెదను. మాది కరణముల యిల్లు. 1984లో కరిణీకములు రద్దయినపుడు మా తండ్రిగారు లెక్కల పుస్తకములను కచ్చేరిలో ఒప్పగించిరి. అటకమీద రెండు తాటాకు కట్టలు మిగిలినవి. అవి కచ్చేరివారికి అక్కఱ లేకపోయెను. మరుసటి యేడు మిద్దె విప్పి కట్టునపుడు అవి క్రిందికి దిగినవి. కొంత చెద తినియుండెను. పాతవ్రాతను త్రొక్కరాదు, కాల్చరాదు, గంగలో కలుపవలెనని ఇంటి పెద్దలనిరి. నేను తాటాకు చదువగలవాడను; గురువుల కడ కూర్చుండి నేర్చినవాడను. అయినను ఒక్క యాకును విప్పి చూడక, పసుపు కుంకుమ పెట్టి, నా చేతులారనే పెన్నలో విడిచితిని. పుణ్యకార్యము చేసితి ననుకొంటిని.

ఉద్యోగ విరమణానంతరము కడపకు పోయితిని. అచట పూర్వము బ్రౌను దొర నివసించిన స్థలముననే ఆయన పేరిట భాషాపరిశోధన కేంద్రము గలదు. వారు మెకంజీ కైఫియతులను సంపుటములుగ అచ్చువేసిరి. అందు మా యూరి కైఫియతు కనబడెను. మూడు పుటలకు మించదు. చెరువునకు మూడు తూములు గలవనియు, వానిని కాపాడుటకు దశబంధము గలదనియు, తక్కిన వివరము కరణము కడనున్న దండకవిలెలో నున్నదనియు అందున్నది. ఆ కరణము పేరు చూచితిని; మా తద్దినములలో నుచ్చరింపబడు పేరది. ఆ పుస్తకమును మూసి చాలసేపు ఊరకుంటిని. రెండు వందల యేండ్లు మా యింట నిలిచిన సాక్ష్యమును నేను పెన్నపాలు చేసితిని.

మా చెరువునకు ఇప్పుడు ఎరిగిన తూములు రెండే. మూడవది యెచట? తూర్పు మడులకు నీరందక తగవులు పడుట నా చిన్ననాటినుండి చూచుచున్నాను. ఊరిలో చదువుకొన్నవారి నందరిని అడిగితిని. ఎవరికిని తెలియదు. తుదకు మునుపు నీరుగంటి పని చేసిన కుటుంబమున ఎనుబదియేండ్లు దాటిన వృద్ధు డొకడుండగా అతనికడకు పోయితిని. అతడు చదువు రానివాడు. నా మాట వినగానే లేచి, కఱ్ఱ చేతబట్టుకొని గట్టుమీదికి నడచెను. పెద్దతూము కడనుండి అంగలు లెక్కపెట్టుచు పోయి యొకచోట నిలిచి, "మా తాత ఈడ చూపించినాడు" అనెను. ఇన్నాళ్లు ఏల చెప్పవైతి వని నేనడిగితిని. "అడిగితే చెప్పకుండా ఉంటామా సామీ? మమ్మల్ని ఎవురడిగినారు?" అని అతడు బదులు చెప్పెను.

ఆ వేసవిలో ఊరివారు పూడిక తీయుచు అచట త్రవ్విరి. నిలువెడు లోతున తూపురాయి కాదు, తూము స్తంభములే రెండు బయటపడెను. వానిపై వ్రాత యేమియు లేదు. అయినను, మూడు తూము లుండెనని కైఫియతు చెప్పినది, చోటు వృద్ధుడు చూపెను, రాయి ఆ యిద్దరి మాట నిజమనెను. మూడు సాక్ష్యములు కలిసినవి. నా యెఱుకలో నిజమైన పరిశోధనమనగా నిదియే.

ఆ వృద్ధుని మాట నన్ను విడువలేదు. మెకంజీ గుమాస్తాలు మా యింటికి వచ్చిరి, దేవళమునకు పోయిరి, నీరుగంటి గుడిసెకు పోయినట్లు ఆ కైఫియతులో లేదు. మాన్యము లెవరివో అందున్నది గాని, గట్టునకు మట్టి మోసినదెవరో లేదు. ఆడువారి మాట యొక్కటియు లేదు. వారు విడిచినదానిని పూరించుట మన వంతు. దూరమునుండి వచ్చు పండితుడు ఒక దినముండి పోవును. మీరు అచటనే యుందురు.

కావున పెద్దలారా, మీకు నా విన్నపము చిన్నది. ఊరిలో వ్రాతగల రాయి యున్నచో దానికి సున్నము కొట్టనీయకుడు, రంగు పూయనీయకుడు. పాత కాగితములను, తాటాకులను గంగలో కలుపకుడు. మనుమలచేత ఫోనుతో చిత్రములు తీయించి, మూలమును భద్రపరచుడు. వృద్ధులు చెప్పు మాటలను చెప్పినవారి పేరుతోను, వయసుతోను, విన్న తేదీతోను వ్రాసియుంచుడు. ఇద్దరు రెండు విధములుగ చెప్పినచో రెండును వ్రాయుడు. మీకు నచ్చినదానిని మాత్రము మిగుల్పకుడు. మాలపల్లె, మాదిగపల్లె, సాలెవీధి, చాకలివీధి, అన్నిచోట్లకు పోయి అడుగుడు. గొప్పలకై కల్పింపకుడు, సిగ్గుపడి దాచకుడు.

నాకు తోడ్పడిన ఆ వృద్ధుడు క్రిందటి సంక్రాంతి తరువాత స్వర్గస్థుడయ్యెను. అతడు చెప్పినదంతయు ఒక పుస్తకమున వ్రాసియుంచితిని. అందు అరువదినాలుగు పుటలున్నవి. ఇంక ఒక యేడు ముందుగ అడిగియున్నచో ఎన్ని పుటలయ్యెడివో! మీ యూరిలో అట్టివా రింకను ఉందురు. నేడే పోయి వారిని అడుగుడు.