హద్దు నడుమ ఊర్లు

కుంపటి కాడికి జరుగుండ్రి బిడ్డా. మన హైదరాబాద్ పురానాపూల్ వంతెనను 1578ల గోల్కొండ సుల్తాన్ ఇబ్రహీం కుతుబ్‌షా కట్టిచ్చిండు. గప్పుడు గోల్కొండకు సముద్రం దిక్కు వాకిలంటే మచిలీబందరే. ఓడల సరుకు ఎడ్ల మీద ఇటొస్తుండె, మన వజ్రాలు అటు పోతుండె. డచ్చోళ్లు 1605ల, ఇంగ్లీషోళ్లు 1611ల గాడనే కోఠీలు పెట్టిన్రు.

గసొంటి తీరాన్ని, తర్వాత ఏలిన హైదరాబాద్ నిజాం అలీఖాన్ 1766ల ఒప్పందం రాసి ఇంగ్లీషోళ్ల కంపెనీకి ఇచ్చిండు. ఉత్తర సర్కార్లంటే గవే. గుంటూరు మాత్రం నిజాం ఇంటి బసాలత్ జంగ్ చేతుల ఉండె, అది 1788ల పోయింది. నాకైతే ఇప్పటికీ కడుపుల కలుక్కుమంటది, అంత తీరం పోయినందుకు.

అన్నీ ఇచ్చిండు గని, వజ్రాల గనులున్న ఊర్లను నిజాం ఇడువలే. కొండపల్లి దిక్కు పరిటాల గట్ల మిగిలిందే. చుట్టూ కంపెనీ భూమి, నడుమ నిజాం ఊర్లు. కొన్నాళ్లకు రాళ్లు దొరుకుడు బందయింది, హద్దు మాత్రం గట్లనే ఉన్నది. 1859ల బందరు, గుంటూరు కలిపి కృష్ణా జిల్లా చేసిన్రు, 1904ల గుంటూరు మళ్ల ఏరువడ్డది, 1925ల ఏలూరు దిక్కు పశ్చిమ గోదావరికి పోయింది. ఎన్నిసార్లు జిల్లాను కోసినా పరిటాలను ఎవ్వలు ముట్టలే.

మునగాలది ఉల్టా కథ. చుట్టూ నిజాం రాజ్యం, నడుమ కృష్ణా జిల్లా పరగణా. ఆ జమీందారు నాయని వెంకట రంగారావు. ఆయన, దివాను కొమర్రాజు లక్ష్మణరావు, మన రావిచెట్టు రంగారావు కలిసి 1901ల ఈ పట్నంల శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం పెట్టిన్రు. బడిల, కచేరిల ఉర్దూ నడిచే రోజులవి. తెలుగు పుస్తకం చదువుకోను మనకో జాగ దొరికిందంటే, అందుల ఇంగ్లీషోళ్ల జిల్లా జమీందారు చెయ్యి ఉన్నది. గది మర్వొద్దు బిడ్డా.

1947 ఆగస్టుల పరిటాల చుట్టూ ఊర్లన్నిట్ల మూడు రంగుల జెండా ఎగిరింది. పరిటాలోళ్లు మాత్రం నిజాం కిందనే. ఎన్నాళ్లు ఓపుతరు? అదే ఏడు తమది రిపబ్లిక్కని చాటుకున్నరు. తర్వాత కృష్ణా జిల్లాల కలిసిన్రు. మునగాల 1959ల నల్లగొండకు వచ్చింది, ఇప్పుడు సూర్యాపేట జిల్లా.

బెజవాడ బస్సెక్కితే రెండూర్లు తొవ్వలనే తగుల్తయి. ముందుగాల మునగాల, నందిగామ దాటినంక పరిటాల. ఈసారి పోతే నిద్రపోకుండ్రి.