ఇంటర్ తర్వాత ఐదేళ్ల లా: ఏడాది ఆదా నిజమే, మధ్యలో మానేస్తే ఏమవుతుంది?

ఇంటర్ పూర్తయిన విద్యార్థి లాయర్ కావాలనుకుంటే రెండు దారులున్నాయి. ఒకటి, మూడేళ్ల డిగ్రీ చదివి, ఆ తర్వాత మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేయడం. దీనికి మొత్తం ఆరేళ్లు పడుతుంది. రెండోది, డిగ్రీనీ లానూ కలిపి ఇంటర్ తర్వాత నేరుగా ఐదేళ్లలో పూర్తి చేయడం. దీన్నే ఇంటిగ్రేటెడ్ లా కోర్సు అంటారు. ఏడాది కలిసొస్తుంది కాబట్టి చాలామంది తల్లిదండ్రులు రెండో దారి వైపే మొగ్గు చూపుతున్నారు.

అయితే చేరే ముందు తప్పనిసరిగా తెలుసుకోవాల్సిన నిబంధన ఒకటుంది. ఈ కోర్సును మూడో ఏడాదిలో ఆపేస్తే బీఏ పట్టా చేతికి రాదు. అదెందుకో, ఎవరికి ఏ దారి నయమో చూద్దాం.

ఇంటిగ్రేటెడ్ కోర్సు అంటే ఏమిటి?

బీఏ ఎల్ఎల్‌బీ, బీబీఏ ఎల్ఎల్‌బీ, బీకాం ఎల్ఎల్‌బీ వంటి పేర్లతో ఈ కోర్సులు నడుస్తున్నాయి. మొదటి రెండు మూడేళ్లలో పొలిటికల్ సైన్స్, ఎకనామిక్స్, మేనేజ్‌మెంట్ వంటి డిగ్రీ సబ్జెక్టులతో పాటు లా సబ్జెక్టులు కూడా ఉంటాయి. చివరి రెండేళ్లు ప్రధానంగా లా మీదే సాగుతాయి.

దేశంలో న్యాయవిద్య ప్రమాణాలను బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (బీసీఐ) నిర్ణయిస్తుంది. ప్రస్తుతం 2008 నాటి న్యాయవిద్య నిబంధనలు అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం లాయర్‌గా నమోదుకు మూడేళ్ల ఎల్ఎల్‌బీ, ఐదేళ్ల ఎల్ఎల్‌బీ రెండూ సమానమే. కోర్టులో వాదించే హక్కులో ఎలాంటి తేడా లేదు.

ఐదేళ్ల కోర్సుకు దేశవ్యాప్తంగా గుర్తింపు తెచ్చింది బెంగళూరులోని నేషనల్ లా స్కూల్. అక్కడ తొలి బ్యాచ్ 1988లో మొదలైంది. హైదరాబాద్‌లో నల్సార్ 1998లో, విశాఖపట్నంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడ్డాయి.

ఇంకా తక్కువ కాలంలో పూర్తి చేయవచ్చా?

ప్రస్తుతానికి కుదరదు. ఇంటర్ తర్వాత మూడేళ్లకే లా పూర్తయ్యేలా చూడాలంటూ సుప్రీంకోర్టులో పిటిషన్ దాఖలైంది. 2024 ఏప్రిల్‌లో అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ డీవై చంద్రచూడ్ నేతృత్వంలోని ధర్మాసనం దాన్ని విచారించేందుకు ఒప్పుకోలేదు. పిటిషనర్ దాన్ని వెనక్కి తీసుకున్నారు.

మధ్యలో మానేస్తే ఏమవుతుంది?

బీసీఐ నిబంధనల్లో 13వది దీని గురించే చెబుతుంది. ఐదేళ్ల కోర్సును మధ్యలో విడదీసి డిగ్రీ ఇవ్వడం కుదరదు. అంటే మూడేళ్లు చదివి, అన్ని పేపర్లూ పాసై, ఆ తర్వాత ఇంటి పరిస్థితుల వల్లో, ఇష్టం లేకో మానేస్తే చట్టప్రకారం మీ విద్యార్హత ఇంటర్ మాత్రమే.

దీని ప్రభావం ఉద్యోగ పరీక్షల మీద పడుతుంది. గ్రూప్-1, గ్రూప్-2, బ్యాంకు పీవో వంటి పోస్టులకు డిగ్రీ ఉండాలి. డిగ్రీ దారిలో వెళ్లిన విద్యార్థికి మూడేళ్లకే ఆ అర్హత వస్తుంది. ఐదేళ్ల కోర్సులో ఉన్నవారు చివరిదాకా ఆగాల్సిందే. మిగిలేది ఒక్క ఏడాది. మధ్యలో ఆగిపోతే పోయేది మూడు నాలుగేళ్లు.

ఇదే నిబంధన రెండో వైపు నుంచి కూడా వర్తిస్తుంది. ఇప్పటికే డిగ్రీ ఉన్నవారు ఐదేళ్ల కోర్సులో నేరుగా మూడో ఏడాదిలో చేరడానికి వీల్లేదు. వారికి మూడేళ్ల ఎల్ఎల్‌బీయే సరైన దారి.

అమెరికాలో ఎలా?

అక్కడ నాలుగేళ్ల డిగ్రీ తర్వాత మూడేళ్ల లా కోర్సు ఉంటుంది. అంటే మొత్తం ఏడేళ్లు. కొన్ని విశ్వవిద్యాలయాలు '3+3' పేరుతో దీన్ని ఆరేళ్లకు తగ్గించాయి. డిగ్రీలో మూడేళ్లు పూర్తయ్యాక విద్యార్థి లా స్కూల్లో చేరతాడు. అక్కడి మొదటి ఏడాదినే డిగ్రీ నాలుగో ఏడాదిగా లెక్కిస్తారు. లా స్కూల్లో చేరకముందే మనసు మారితే, మామూలుగా నాలుగో ఏడాది చదివి డిగ్రీ తీసుకోవచ్చు. మన ఐదేళ్ల కోర్సులో ఈ వెసులుబాటు లేదు. అక్కడ స్థిరపడిన బంధువులు చెప్పేది విని రెండూ ఒకటేననుకోవద్దు.

ప్రవేశం ఎలా?

లాసెట్: ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో విశ్వవిద్యాలయాల, అనుబంధ కళాశాలల సీట్లకు ఈ పరీక్ష రాయాలి. రెండు రాష్ట్రాలూ వేర్వేరుగా నిర్వహిస్తాయి. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది. 90 నిమిషాల్లో 120 ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి. జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీకి 30, వర్తమాన అంశాలకు 30, లా ఆప్టిట్యూడ్‌కు 60 ప్రశ్నలు ఉంటాయి. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు. అర్హత సాధించాలంటే 35 శాతం, అంటే 42 మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీలకు ఈ కనీస మార్కుల నిబంధన లేదు.

ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫర్వాలేదు. ఎంపీసీ, బైపీసీ విద్యార్థులూ రాయవచ్చు. ఇంటర్‌లో ఓసీలకు 45 శాతం, బీసీలకు 42 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులుండాలి.

క్లాట్: నల్సార్, విశాఖ వర్సిటీ సహా జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో సీట్లకు ఈ పరీక్ష. రెండు గంటల్లో 120 ప్రశ్నలు. తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది. పేపర్ ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. ఇటీవలి సంవత్సరాల్లో డిసెంబరులోనే నిర్వహిస్తున్నారు కాబట్టి ఇంటర్ రెండో ఏడాది మొదట్లోనే నోటిఫికేషన్ మీద కన్నేసి ఉంచాలి. ఇంటర్ ఫలితాలు వచ్చాక ఆలోచిద్దాంలే అనుకుంటే ఆ ఏడాదికి క్లాట్ దాటిపోయినట్లే.

చదువుతున్నప్పుడు ఏ నిబంధనలుంటాయి?

లా అనేది రెగ్యులర్ కోర్సు. దూరవిద్యలో చేసిన ఎల్ఎల్‌బీతో లాయర్‌గా నమోదు కాలేరు. బీసీఐ నిబంధనల ప్రకారం ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు ఉండాలి. ఐదేళ్ల కోర్సులో మొత్తం 20 వారాల ఇంటర్న్‌షిప్ చేయాలి. మూడేళ్ల కోర్సుకైతే 12 వారాలు.

లా చదువుతూనే మరో రెగ్యులర్ డిగ్రీ చేయడాన్ని కూడా బీసీఐ నిబంధనలు అనుమతించవు. 'ఒకవేళ లా మానేసినా చేతిలో డిగ్రీ ఉంటుంది కదా' అని పక్కన మరో కళాశాలలో బీకాంలో చేరదామనుకుంటే చిక్కుల్లో పడతారు. భాషలు, కంప్యూటర్ వంటి స్వల్పకాలిక పార్ట్‌టైమ్ సర్టిఫికెట్ కోర్సులకు మినహాయింపు ఉంది.

పట్టా వచ్చాక?

అడ్వకేట్స్ చట్టం, 1961 ప్రకారం లాయర్‌గా నమోదుకు 21 ఏళ్లు నిండాలి. రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. ఈ చట్టంలో ఉన్న రుసుము మొత్తం రూ.750, ఎస్సీ, ఎస్టీలకు రూ.125. బార్ కౌన్సిళ్లు అంతకుమించి నమోదు రుసుము వసూలు చేయరాదని 2024 జులై 30న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

ఆ తర్వాత ఆలిండియా బార్ పరీక్ష పాసవ్వాలి. ఈ పరీక్ష పెట్టే అధికారం బీసీఐకి ఉందని 2023 ఫిబ్రవరిలో రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది.

జూనియర్ సివిల్ జడ్జి కావాలనుకునేవారు మరో విషయం గుర్తుంచుకోవాలి. ఆ పరీక్ష రాయాలంటే లాయర్‌గా కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు చెప్పింది. తాత్కాలిక నమోదు తేదీ నుంచి ఈ మూడేళ్లను లెక్కిస్తారు. అంటే 18 ఏళ్లకు ఇంటర్ పూర్తి చేసిన విద్యార్థి ఐదేళ్ల దారిలో 26 ఏళ్లకు, ఆరేళ్ల దారిలో 27 ఏళ్లకు ఆ పరీక్షకు అర్హత పొందుతాడు. దరఖాస్తు చేసే ముందు ఆ ఏటి నోటిఫికేషన్‌లోని అర్హతలు చూసుకోవాలి.

ఎవరికి ఏది మంచిది?

ఐదేళ్ల కోర్సు: లాయర్ లేదా జడ్జి కావాలని ఇప్పటికే నిశ్చయించుకున్నవారికి, ఐదేళ్ల ఫీజు, హాస్టల్ ఖర్చు భరించగల వీలున్నవారికి.

డిగ్రీ, ఆపై మూడేళ్ల లా: లా మీద ఇంకా స్పష్టత లేనివారికి, మూడేళ్లకే ఉద్యోగ పరీక్షలు రాయాల్సిన అవసరం ఉన్నవారికి, ఇంటి ఆదాయం ఎప్పుడెలా ఉంటుందో తెలియనివారికి. ఒక ఏడాది ఎక్కువ పట్టినా మధ్యలో డిగ్రీ చేతికొస్తుంది. లాసెట్‌లో గరిష్ఠ వయోపరిమితి లేదు కాబట్టి కొన్నేళ్లు ఉద్యోగం చేశాక కూడా లాలో చేరవచ్చు.

చేరే ముందు ఇవి అడగండి

- కళాశాలకు, మీరు చేరే కోర్సుకు ఈ విద్యా సంవత్సరంలో బీసీఐ ఆమోదం ఉందా? ఉంటే ఆ పత్రం చూపించమనండి.
- ఏ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉంది?
- మొదటి ఏడాది ఫీజు ఒక్కటే కాదు, ఐదేళ్లకు మొత్తం ఎంత?
- ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా? వర్తిస్తే ఎంత మేరకు?
- మధ్యలో మానేస్తే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎలా తిరిగిస్తారు?

'మూడేళ్లయ్యాక బీఏ ఇచ్చేస్తాం' అని ఎవరైనా నోటిమాటగా చెబితే, ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి. ఇవ్వలేమంటే దాన్ని లెక్కలోకి తీసుకోకండి.