మండువా లోగిలి గీసినవాళ్ళు ఏ కాలేజీలో చదివారు?

కోనసీమలో ముసురు పట్టిన రోజున మండువా లోగిలి చూడాలి. నాలుగు వైపులా పెంకుల కప్పు లోపలికే వాలి ఉంటుంది. చూరు నీళ్ళన్నీ ఇంటి నడుమనున్న మండువాలో పడతాయి. రెండు చూర్లు కలిసే మూలన ధార లావుగా ఉంటుంది కాబట్టి గంగాళం అక్కడ పెట్టేవారు. మిగిలిన నీరు తూములోంచి పెరట్లోకి పోతుంది. వాన వెలిస్తే అదే చోట వడియాలు ఎండుతాయి. చుట్టూ వసారా, దాని వెనక గదులు. గదుల కిటికీలు చిన్నవే అయినా వెలుగుకూ గాలికీ లోటు ఉండదు, రెండూ మండువాలోంచి వస్తాయి.

వెలుగు, గాలి, నడక, కూర్చునే చోటు, దాచుకునే చోటు: ఇంటీరియర్ డిజైన్ పీజీలో రెండేళ్ళపాటు నేర్పేది చాలావరకు ఇదే. గోదావరి జిల్లాల్లో ఆ పని చేసినవాళ్ళకు మాత్రం కాలేజీ గడప తెలియదు.

ఆ ఇళ్ళకు డబ్బు కాలవల మీద వచ్చింది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అంతకుముందు కరువులతో, ఉప్పెనలతో నలిగిన డెల్టాలో వరి స్థిరపడింది, దానితోపాటు ధాన్యం అమ్ముకునే ఆసాముల చేతిలో నగదూ ఆడింది. కలప పైనున్న అడవుల నుంచి తెప్పలు కట్టి గోదావరి మీద రాజమండ్రికి దిగేది. కలిగినవాళ్ళు సముద్రం దాటి వచ్చిన బర్మా టేకు కోరుకునేవారు. ఈ తీరం నుంచి కూలికి రంగూన్ వెళ్ళిన వేలమందిని అక్కడ కోరంగి రేవు పేరుతో 'కోరంగీలు' అనేవారు. వాళ్ళలో చాలామంది ఇళ్ళు మాత్రం తాటాకు కప్పినవే. కాబట్టి మండువా లోగిలిని 'మన గోదావరి ఇల్లు' అని మురిసిపోయేటప్పుడు కాస్త ఆగాలి. అది ఊళ్ళో కొందరి ఇల్లు.

ఆ కొందరి ఇంటినీ కట్టింది తాపీమేస్త్రీ, వడ్రంగి. కాగితం మీద గీత గీయకుండానే కొలతలు మూరల్లో, జానల్లో నడిచేవి. పొడవు వెడల్పులు లెక్కేసి యజమాని పేరుకు సరిపడా ఆయం కట్టేవారు. ద్వారబంధం చెక్కడం, స్తంభానికీ దూలానికీ మధ్య బోదె అమర్చడం, దీపం మసి పైకప్పుకు అంటకుండా గోడలో గూడు ఎంత లోతు తీయాలో చూసుకోవడం, ఇవన్నీ కొడుకు తండ్రి పక్కన ఉలి పట్టుకుని నేర్చుకున్నవే. పెద్ద భోషాణాన్ని సామాను దాచే పెట్టెగానూ, రాత్రి పెద్దాయన పడుకునే మంచంగానూ వాడుకోవడం వెనకా ఇలాంటి ఆలోచనే ఉంది. ఏ పుస్తకంలోనూ ఆ వడ్రంగుల పేర్లు లేవు.

బడి అనేది దూరాన ఉండేది. డాక్టర్ అలెగ్జాండర్ హంటర్ 1850లో మద్రాసులో కళల పాఠశాల పెట్టాడు. 1884లో ఇ.బి. హావెల్ దానికి అధిపతిగా వచ్చి దేశీ చేతిపనుల వైపు మొగ్గాడు. గోదావరి జిల్లా మద్రాసు రాజధానిలోదే అయినా, రాజమండ్రి కుర్రాడు దామెర్ల రామారావు బొమ్మలు నేర్వడానికి వెళ్ళింది బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలుకు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే అతని చేతిలోని గీతను గుర్తించి పంపాడు. తిరిగొచ్చి 1920ల మొదట్లో దామెర్ల రాజమండ్రిలోనే చిత్రకళాశాల తెరిచాడు. కానీ 1925లో, 28 ఏళ్ళు నిండకుండానే, మశూచితో పోయాడు. వరద వెంకటరత్నం లాంటి మిత్రులు ఆ దీపాన్ని నిలబెట్టారు. అక్కడ నేర్పింది బొమ్మలు వేయడం. పక్క వీధిలో ఉలి పట్టిన మనిషికి ఆ బడితో పని పడలేదు. పడి ఉంటే డెల్టాలో డిజైన్ చదువు కథ వేరేగా ఉండేదేమో!

తర్వాత వచ్చింది ఇంజనీరింగ్. 1946లో విశాఖపట్నంలో మొదలైన ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీ కాకినాడకు చేరి స్థిరపడింది. సిమెంటు, ఇనుము, స్లాబు వచ్చాయి. ఇంటి ప్లాన్ ఇంజనీరు చేతికి పోయింది, లోపలి అమరిక ఎవరి చేతికీ పోలేదు. హాలు, కిచెన్, అటాచ్డ్ బాత్‌రూమ్. స్లాబు కింద మండువాకు చోటు లేదు, ఆరుబయట ఎండే వడియాలు డాబా ఎక్కాయి.

ఇంటీరియర్‌ను వేరే చదువుగా గుర్తించడానికి మన దేశంలో చాలాకాలమే పట్టింది. అహ్మదాబాద్ సెప్ట్‌లో దానికి ప్రత్యేక విభాగం 1991లో వచ్చింది. హైదరాబాద్‌లో పాత ఫైన్ ఆర్ట్స్ కాలేజీ ఆధారంగా 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఆ సబ్జెక్టును పాఠ్యాంశంగా నేర్పుతోంది. ఇలాంటి చదువుల్లో పాత ఇంటిని టేపుతో కొలిచి, గది గదికీ బొమ్మ గీయడం ఓ అభ్యాసం.

కొలవడానికి ఇళ్ళే తగ్గిపోతున్నాయి. అన్నదమ్ముల పంపకాల్లో లోగిలి రెండుగా చీలితే మండువా మధ్యలో గోడ లేస్తుంది, ఆపై ఇల్లు విప్పేయడమే తేలిక. విప్పిన స్తంభాలు, చెక్కిన ద్వారబంధాలు పాత కలప వ్యాపారుల చేతుల మీదుగా నగరాలకు వెళ్ళి హోటళ్ళలో, బంగళాల్లో అలంకారంగా నిలబడుతున్నాయి. వాటిని ఎక్కడ నిలపాలో చెప్పి ఫీజు తీసుకునేది ఇంటీరియర్ డిజైనరే.