పత్తికట్టె, పొగగొట్టం

మా అమరావతి వైపు పల్లెల్లో వంటచెరకును డబ్బు పెట్టి కొనడం అరుదు. పంట అయిపోయాక పీకిన పత్తికట్టె, మిరపకట్టె, కందికంప మోపులుగా కట్టి దొడ్లో వేసేవారు. పత్తికట్టె చప్పున అంటుకుంటుంది, అంతే చప్పున బూడిదవుతుంది. అన్నం ఉడికేదాకా పొయ్యి ముందునుంచి లేవడానికి వీల్లేదు. మోపులో మిరపకాయ ఒక్కటి మిగిలిందా, ఇంటిల్లిపాదికీ దగ్గే!

ఈ పొగకు విరుగుడు వెతికినవారిలో ఎస్.పి. రాజు గారొకరు. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో ఆయన మట్టితో పొగరాని పొయ్యిని రూపొందించారు. దానిపై ఆయన రాసిన 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' 1953లో మద్రాసులో అచ్చయింది. ఒకే మంట మీద వరుసగా గిన్నెలు, చివర పొగగొట్టం, దారిలో గాలిని అదుపుచేసే పలక. కిటుకంతా ఆ పలకదే. బార్లా తెరిస్తే గొట్టం వేడిని లాక్కుపోయి కట్టె దండగ. మరీ మూస్తే పొగ మళ్ళీ గదిలోకే. పైగా గొట్టంలో మసి ఎప్పటికప్పుడు దులపాలి. ఆ పని ఎవరిదో చెప్పనక్కర్లేదు కదా!

తర్వాత 1983లో కేంద్రప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి 2002 దాకా నడిపింది. అందులో పెద్దపీట వంటచెరకు పొదుపుకే. పొలంలో ఊరికే వచ్చే పత్తికట్టెను పొదుపు చేస్తే రైతుకు మిగిలేదేమిటి? నా దృష్టిలో అసలు ఖర్చు ఆడవాళ్ళ కళ్ళూ ఊపిరితిత్తులూ. ఆ పద్దు ఎవరూ రాయలేదు.

రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చింది, వంటింట్లోకి గ్యాసు చేరింది. స్నానాల నీళ్ళ కాగు మాత్రం చాలా ఇళ్ళలో దొడ్లోనే, పత్తికట్టె మీదే మిగిలిపోయింది.