రాస్‌ప్‌బెర్రీ పై: విద్యుత్ సరఫరా లోపాలు

రాస్‌ప్‌బెర్రీ పై బోర్డుల్లో తరచూ కనిపించే విద్యుత్ సమస్య వోల్టేజీ పడిపోవడం. 5 వోల్టులతో నడిచే ఈ బోర్డుకు సరఫరా సుమారు 4.63 వోల్టుల కంటే తగ్గితే తెరపై హెచ్చరిక వస్తుంది, ప్రాసెసర్ నెమ్మదిస్తుంది. బోర్డు దానంతటదే రీస్టార్ట్ కావచ్చు, మెమరీ కార్డులో ఫైళ్లు పాడైపోవచ్చు.

చాలామంది అడాప్టర్‌నే అనుమానిస్తారు గానీ, ముందు చూడాల్సింది కేబుల్. పొడవైన, సన్నటి తీగకు నిరోధం ఎక్కువ. లోడ్ పెరిగినప్పుడు అడాప్టర్ ఇచ్చిన వోల్టేజీలో కొంత తీగలోనే పోతుంది. కాబట్టి మల్టీమీటర్‌తో వోల్టేజీని బోర్డు పనిలో ఉండగా, బోర్డు మీదే కొలవాలి: 2వ పిన్ను 5 వోల్టులు, 6వ పిన్ను గ్రౌండ్. ఈ పిన్నులు షార్ట్ కాకుండా జాగ్రత్తపడాలి.

2019లో వచ్చిన నాలుగో మోడల్‌కు 3 ఆంపియర్ల అడాప్టర్ సరిపోతుంది. 2023 నాటి అయిదో మోడల్‌కు 5 ఆంపియర్లు కావాలి. 3 ఆంపియర్లదే పెడితే యూఎస్‌బీ పరికరాలన్నిటికీ కలిపి 600 మిల్లీఆంపియర్లే అందుతాయి. హార్డ్ డిస్క్‌కు అది తరచూ చాలదు, సొంత అడాప్టర్ ఉన్న హబ్ వాడాలి.